వంకర కాగితం

టిక్.

బల్బు వెలిగింది. పెట్టె నిండా పసుపు వెలుగు.

టిక్... ఆరింది.

పంతొమ్మిది రోజులుగా ఆ ఇంటి హాల్లో ఇదే చప్పుడు. పాత థర్మాకోల్ పెట్టె, ఒక బల్బు, పాడైన కంప్యూటర్లోంచి ఊడదీసిన ఫ్యాను. వేడి తగ్గితే బల్బు వెలుగుతుంది. పెరిగితే ఆరిపోతుంది. లోపల నాలుగు గుడ్లు.

ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు. ఇంట్లో ఏ వస్తువునీ ఊరికే ఉండనివ్వడు. కోళ్ల గూటి తలుపు కూడా పొద్దుగూకగానే దానంతట అదే మూసుకుంటుంది.

ఆవిడ లైబ్రరీలో పనిచేస్తుంది. ఏ వస్తువునీ వంకరగా ఉండనివ్వదు.

ఇద్దరి మధ్యా పెద్దమ్మ ఉండేది.

పెద్దమ్మ అంటే కోడి. పెరట్లో ఐదు పెట్టలు, ఒక పుంజు. పెట్టల్లో ముసలిది పెద్దమ్మ. గూట్లో గుడ్డు పెట్టమంటే పెట్టదు, ఆయన ఎడమ బూటులో పెట్టేది. ఆవిడ తిట్టుకుంటూ తుడిచేది. ఆయన నవ్వుకుంటూ చెప్పులేసుకుని డ్యూటీకి పోయేవాడు.

కిందటి నెల పెద్దమ్మ చచ్చిపోయింది. చివరగా బూటులో పెట్టిన నాలుగు గుడ్లే ఆ పెట్టెలో ఉన్నాయి.

ఆయన ఏడవలేదు. పెట్టె చేశాడు.

గోడ అవతల పిన్నికీ కోళ్లున్నాయి. రోజూ గోడ మీంచి తల పెట్టి అడుగుతుంది.

"ఏమే, మీ ఆయన ఇంకా పొదుగుతూనే ఉన్నాడా?"

"ఇంకో రెండు రోజులు, పిన్నీ."

"దగ్గరికి పోకమ్మా. పొదిగేటప్పుడు పొడుస్తారు."

ప్లగ్గు పక్కన ఆయన ఒక కాగితం అంటించాడు. 'తీయొద్దు'. అక్షరాలు వంకర. కాగితం వంకర. టేపు ఇంకా వంకర. ఆవిడ పద్దెనిమిది రోజులు ఓర్చుకుంది. పంతొమ్మిదో రోజు, సెలవు రోజు, ఆయన డ్యూటీకి వెళ్లగానే పీకేసింది... మంచి అట్ట మీద స్కేలు పెట్టి రాద్దామని. ముందు ఇల్లు శుభ్రం చేసుకుందామనుకుంది. వాక్యూమ్ క్లీనర్ వైరు పొట్టిది. దగ్గరున్న ప్లగ్గు మీదికి చెయ్యి అలవాటుగా పోయింది.

సోఫా కింద ఈకలు. కర్టెన్ వెనక ఈకలు. గోధుమరంగువి — పెద్దమ్మవి. ఇంకా వస్తూనే ఉన్నాయి.

మధ్యాహ్నానికి ఇల్లు అద్దంలా ఉంది. ఆవిడ నడుం వాల్చింది. ఏదో తక్కువైనట్టు అనిపించింది.

టిక్ లేదు.

పెట్టె తెరిచి చెయ్యి పెట్టింది. గుడ్లు చల్లబడ్డాయి.

పరుగున ప్లగ్గు పెట్టింది. బల్బు వెలిగింది... ఆరకుండా చాలాసేపు వెలిగింది.

పెట్టెలో చిన్న థర్మామీటరు ఉంది. రోజు మొత్తంలో వేడి ఎంతకి పడిపోయిందో గుర్తుపెట్టుకుంటుంది. ఇరవై ఆరు, అని చూపిస్తోంది. ముప్పై ఏడుకి తగ్గకూడదు. పక్కనే ఒక బొత్తం. నొక్కితే మరిచిపోతుంది.

ఆవిడ వేలు బొత్తం దాకా వెళ్లింది. ఇల్లంతా తుడిచిన చెయ్యి అది. ఆ ఒక్క అంకెనీ తుడవలేకపోయింది.

సాయంత్రం ఆయన వచ్చాడు. బూట్లు విప్పాడు. అంకె చూశాడు. చూస్తూనే ఉన్నాడు.

"నేనే," అంది ఆవిడ. "ఇల్లు ఊడుస్తూ తీశాను. మళ్లీ పెట్టడం మర్చిపోయాను."

ఆయన గోడ వైపు చూశాడు.

"కాగితం ఏది?"

"వంకరగా ఉందని..."

ఆయన గొంతులోంచి ఏదో వచ్చింది. నవ్వో, ఏడుపో. పెద్దమ్మ పోయాక అదే మొదటిది. మెల్లగా బొత్తం నొక్కాడు.

ఆవిడ చెత్తబుట్టలోంచి కాగితం ఏరి తెచ్చి, ఉన్నచోటే అంటించింది. వంకరగానే. సరిచేయలేదు.

ఇరవయ్యో రోజు.

ఇద్దరూ పెట్టె ముందు నేల మీద కూర్చున్నారు. గోడ అవతల నుంచి పిన్ని "ఏమే?" అని పిలిచింది. ఆవిడ పెట్టె మీంచి చూపు తిప్పలేదు.

బల్బు వెలుగుతోంది. పెట్టె నిండా పసుపు వెలుగు.

టిక్.

ఇద్దరూ బల్బు వైపు చూశారు.

ఆరలేదు. ఇద్దరి చూపూ మెల్లగా గుడ్ల మీదికి దిగింది.