మనీలా పెళ్ళికి అడ్డుతెర

పక్క చేపల చెరువాయన కూతురి పెళ్ళి గోవాలో చేశాడని మండవల్లి బాపిరాజుకి నిద్ర పట్టలేదు. అంతే, తన కూతురు కుసుమ పెళ్ళి ఏకంగా మనీలాలో పెట్టాడు. వీడియో తియ్యడానికి తాడేపల్లిగూడెం ఏసుకుమార్‌ని విమానం ఎక్కించాడు. బాపిరాజు తల్లి వీరరాఘవమ్మగారు మాత్రం ససేమిరా కదల్లేదు. "రెక్కలున్నవాటిని కొల్లేట్లో రోజూ చూస్తూనే ఉన్నాను. వాటి కడుపులో దూరి కూర్చోవడం నా వల్ల కాదు" అందావిడ. అందుకని ఇంటిముందు పెద్ద ఎల్ఈడీ స్క్రీన్ పెట్టించారు. మనవరాలి పెళ్ళి అందులో ఆవిడకి కనబడేలా చూసే పూచీ ఏసుకుమార్ మీద పడింది. కనబడకపోతే గూడెంలో తలెత్తుకోలేనని పాపం వారం నుంచీ ప్రార్థన చేస్తున్నాడు.

ముహూర్తానికి జీలకర్రా బెల్లం పెట్టించి, పంతులుగారు వధూవరుల మధ్య అడ్డుతెర తీయించేశారు. ఏసుకుమార్ కెమెరాలోకి చూస్తే ఏముంది! బొమ్మ మీద నల్లటి చారలు కిందికీ పైకీ జారుతున్నాయి. ఇంతలో మండవల్లి నుంచి ఫోను.

"ఏవండీ కెమెరా అబ్బాయిగారూ, ఆ అడ్డుతెర ఊపడం మాని కిందికి దించమనండి!"

"తీసేశారండి మామ్మగారూ!"

"ఊరంతా కళ్ళప్పగించి చూస్తున్నాం, మాకు చెబుతారా? తెర తీయకుండా తాళి కట్టిస్తే పచ్చి మంచినీళ్ళు ముట్టను!"

పెళ్ళికొడుకు విశ్వతేజ తాళి పట్టుకుని వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు.

ఏసుకుమార్‌కి అప్పుడు వెలిగింది. కరెంటు దీపాలు మన కంటికి తెలియకుండా మిణుకుతుంటాయి. మన దేశంలో మిణుకు ఒక లెక్క, ఇక్కడ ఇంకో లెక్క. కెమెరా మన లెక్కకే పెట్టి ఉంది. పాల్ అనే మన లెక్క నుంచి ఎన్‌టీఎస్‌సీ అనే ఇక్కడి లెక్కకి మారిస్తే సరి. మార్చబోతే కెమెరా మెలిక పెట్టింది: మెమరీ కార్డంతా తుడిచెయ్యాలట! వేరే కార్డు హోటల్ గదిలో ఉండిపోయింది. కార్డు లేకుండా కానిద్దామంటే తాళి కట్టడమే రికార్డవదు.

ఇందాక తీసిందంతా చారలే, అది పోయినా ఫరవాలేదు; కానీ ఆ కార్డులోనే నిన్న బీచిలో బాపిరాజు చేసిన డాన్సుంది. నెల్లాళ్ళు ఏలూరు వెళ్ళి మాస్టారి దగ్గర నేర్చుకుని, ఎర్ర కోటు తొడుక్కుని మరీ చేశాడు. మండవల్లి అంతటికీ చూపించాలని ఆయన ఉబలాటం.

"రాజుగారండీ, మీ డాన్సు పోద్దండి" అన్నాడు ఏసుకుమార్ నీళ్ళు నములుతూ.

"ఠాట్! దాని జోలికొస్తే ఊరుకోను. ఆ ఎండలో ఎన్నిసార్లు గెంతాననుకున్నావయ్యా?"

"మామ్మగారు మంచినీళ్ళు ముట్టనంటున్నారండి."

బాపిరాజు ఫోను వంక చూశాడు, కెమెరా వంక చూశాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నొక్కెయ్యి. అమ్మ కంటే ఎక్కువా?" అని మొహం తిప్పుకున్నాడు.

నొక్కాడు. చారలు మాయమయ్యాయి. "హమ్మయ్య, దించారు! ఇంక కట్టించండి!" అని ఫోన్లోంచి కేక. మూడు ముళ్ళూ పడ్డాయి. ఏసుకుమార్‌కి అప్పుడు ఊపిరాడింది.

భోజనాల దగ్గర బాపిరాజు గారె ముక్కైనా కొరకలేదు. పక్కనే ఏసుకుమార్ ఫోను మళ్ళీ మోగింది. స్పీకర్లో పెట్టి అందించాడు.

"ఏరా బాపీ, స్క్రీన్లో చూస్తున్నాను, అలా ఉన్నావేం?"

"నీకోసం నా డాన్సు చెరిపించేశానే అమ్మా."

"బీచిలో గెంతావంట, అదేనా? నిన్న కుసుమ ఫోన్లో కాస్త చూపించింది. మొత్తం పోయిందా?"

"మొత్తం పోయిందే."

"ఇంక ఎవరికీ కనబడదుగా?"

"కనబడదే అమ్మా" అన్నాడు బాపిరాజు.

"అయితే ఆ కెమెరా అబ్బాయికి కొత్త బట్టలు పెట్టి పంపరా. మంచివి పెట్టు."