వీరేశం మీద ఒక వాక్యం

నా రాతలో ఒత్తులు తప్పుతాయి. చెయ్యి కూడా నెమ్మది. పెద్దయ్యాక బడికి వెళ్ళినదాన్ని, చదివేవారు కోపం తెచ్చుకోవద్దు. అక్షరం తప్పితే దిద్దండి. విషయం మాత్రం దిద్దకండి.

నా భర్త వీరేశం ఒక కంపెనీకి క్యాబ్ నడిపేవాడు. ప్రత్యేక రాష్ట్రం కోసం బంద్‌లు జరుగుతున్న రోజులు. ఒక బంద్ నాడు బస్సులు లేవు. నాకు రాయదుర్గంలో బిల్డింగ్ కూలి పని ఉంది. ఆయన కంపెనీ అమ్మాయిలు ఇద్దరిని ఎక్కించుకుని, నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టుకున్నాడు.

మియాపూర్ బస్ డిపో దాటగానే గుంపు అడ్డం వచ్చింది. బండిని రెండు వైపులా పట్టుకుని ఊపారు. వెనక అమ్మాయిలు తలలు దించుకుని ఏడుస్తున్నారు. ఎక్కడి నుంచి వచ్చిందో ఒక రాయి అద్దం పగలగొట్టుకుని వచ్చి ఆయన కనుబొమ్మ మీద తగిలింది. చర్మం చీలి నెత్తురు కంట్లోకి కారింది. గాజు పెంకులు నా ఒళ్ళో పడ్డాయి.

ఆయన దిగాడు. భుజం మీది తువ్వాల తలకు చుట్టుకున్నాడు.

"నేను గూడ మెదక్ జిల్లోన్నే. తెలంగాణ నాకొద్దా? ఇంటి కిరాయి ఎవడు కడ్తడు, నువ్వు కడ్తవా?" అన్నాడు.

ముందున్నవాళ్ళు నవ్వారు. ఆయనా నవ్వాడు. ఒక పిల్లగాడు నీళ్ళ సీసా ఇచ్చాడు. ఆయన తాగి, మొహం కడుక్కుని, బండి దగ్గరికి రెండడుగులు వేశాడు. రాయి తగిలాక కూడా నా భర్త నిలబడి ఉన్నాడు. ఇది గుర్తుంచుకోండి.

అప్పుడు పోలీసులు వచ్చారు. గుంపు పరుగెత్తింది. ఆయన పరుగెత్తలేదు, తప్పు చేయలేదు కదా అనుకున్నాడు. తలకు తువ్వాల, చొక్కా మీద నెత్తురు చూసి గుంపులోవాడే అనుకున్నారు. మొదటి లాఠీ మోచేతి మీద పడింది. రెండోది వీపు మీద. ఆయన "డ్రైవర్ను సారూ" అంటూ బండి వైపు చెయ్యి చూపించాడు. మెడ వెనక పడిన దెబ్బతో మోకాళ్ళ మీద కూలబడ్డాడు. కూలబడినవాణ్ణి ఇంకా కొట్టారు. నేను దిగి మీద పడేసరికి నోట్లోంచి నురగ వస్తున్నది. దవాఖానకు చేరేలోపు ఆటోలో నా ఒడిలోనే పోయాడు.

ఆయన పోయాక మాదాపూర్‌లో ఒక ఆఫీసులో ఊడ్చి తుడిచే పని దొరికింది. ఆయన నడిపింది వేరే కంపెనీకి, అందుకని ఇక్కడ నేనెవరో ఎవరికీ తెలియదు. రవీందర్, సుబ్రహ్మణ్యం అని ఇద్దరు సార్లు ఉండేవారు. రవీందర్‌ది కరీంనగర్ వైపు, సుబ్రహ్మణ్యంది ఏలూరు. ఒకరి డబ్బాలో కూర ఒకరు తినేవారు. కంప్యూటర్లో అందరూ కలిసి రాసే ఒక విజ్ఞాన సర్వస్వం ఉందట. ఎవరైనా రాయవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు. ఇద్దరూ ఖాళీ దొరికితే అందులో రాసేవారు.

ఒకరోజు క్యాంటీన్‌లో అరుపులు వినిపించి చూశాను. రవీందర్ సుబ్రహ్మణ్యం కాలర్ పట్టుకుని గోడకు నొక్కాడు. బంద్‌ల మీద ఉన్న పేజీలో 'ఆందోళనకారుల రాళ్ళ దాడిలో డ్రైవర్ వీరేశం మృతి' అని సుబ్రహ్మణ్యం రాశాడట, ఒక ఇంగ్లీషు పేపరును ఆధారం చూపించి. రవీందర్ దాన్ని తీసేసి 'పోలీసుల లాఠీ దెబ్బలకు మృతి' అని రాశాడట. ఈయన రాస్తే ఆయన తీసేయడం, ఆయన రాస్తే ఈయన తీసేయడం. ఆధారం ఏదని ఒకడు, నీ పేపరోడు చూసిండా అని ఇంకొకడు. ఎవడి తల గోడకు కొట్టుకుందో చప్పుడైంది. కాఫీ కప్పు పగిలింది. తుడవడానికి నన్నే పిలిచారు.

తుడిచే కర్ర పట్టుకుని అక్కడే నిలబడి చెప్పాను. "ఆయన నా పెనిమిటి సారూ. నేను బండ్లనే ఉన్న."

రవీందర్ కాలర్ వదిలేశాడు. మొత్తం చెప్పాను. విన్నాక సుబ్రహ్మణ్యం మెల్లగా అన్నాడు. "మీరు అబద్ధం చెబుతున్నారని కాదండి. మీరు చూసింది ఎక్కడైనా అచ్చయి ఉంటేనే మేం రాయగలం. అక్కడి పద్ధతి అది. లేకపోతే రేపు ఎవరైనా వచ్చి నేనూ చూశాననవచ్చు కదండి."

అప్పుడు ఒళ్ళు మండింది. ఇప్పుడు ఆలోచిస్తే ఆ మాటలో తప్పు లేదు.

రవీందర్ తన ఊరి స్నేహితుడైన విలేకరిని తీసుకొచ్చాడు. రాయి, నీళ్ళు, లాఠీ అన్నీ చెప్పాను. పేపర్లో వచ్చాక రవీందర్ సంబరంగా చదివి వినిపించాడు. అందులో లాఠీ ఒక్కటే ఉంది.

"రాయి ఏది సారూ?"

"రాయి గిట్ల రాస్తే వాళ్ళకే పనికొస్తదమ్మా. ఉద్యమం బద్నామైతది."

"రాయి మనోళ్ళదే. నీళ్ళు గూడ మనోళ్ళయే. రెండు దీస్తే మా ఆయన ఆడ నవ్విండని ఎవరికి తెలుస్తది?"

ఆయన పేపరు మడిచి జేబులో పెట్టుకున్నాడు. నేను వెళ్ళి సుబ్రహ్మణ్యానికి చెప్పాను. విలేకరి రవీందర్ స్నేహితుడని, సగం దాచాడని ఆయన ఆ పేజీ వెనక చర్చల్లో రాసి, ఆ పేపరు ఆధారంగా రవీందర్ పెట్టిన లాఠీ వాక్యం తీసేశాడు. కాళ్ళు విరగ్గొడతామని, ఏలూరు పోవడానికి శవం కూడా మిగలదని అక్కడ ఎవరెవరో రాశారట.

మర్నాడు సాయంత్రం డ్యూటీ దిగి సైబర్ టవర్స్ వెనక సందులోకి వచ్చాను. టీ బండి పక్కన రవీందర్ సుబ్రహ్మణ్యం చేతులు రెండూ వెనక్కి విరిచి పట్టుకుని ఉన్నాడు. వెంట వచ్చిన ఇద్దరిలో ఒకడు హెల్మెట్‌తో మొహం మీద కొట్టాడు. పెదవి తెగి, పన్ను ఊడి చొక్కా మీద పడింది. ఇంకొకడు కడుపులో తన్నాడు. రవీందర్ వదిలేస్తే ఆయన నేల మీద చుట్టుకుపోయాడు. పక్కటెముకల్లో తన్నులు పడుతూనే ఉన్నాయి. తన్నినవాడు రోడ్డు పనికి పోసిన కుప్పలోంచి రాయి ఎత్తాడు.

నేను ఆ రాయి పట్టుకున్నాను. వాడు గుంజాడు, నేను వదలలేదు. హెల్మెట్ వచ్చి నా మణికట్టు మీద పడింది. ఎముక విరగడం నాకే వినిపించింది. ఇంకో చెయ్యి వేసి రాయిని పొట్టకు అదుముకున్నాను.

"నువ్వు మనదానివమ్మా, ఇడువు," అన్నాడు రవీందర్. మనుషులు పోగయ్యేసరికి ముగ్గురూ బైకులెక్కారు.

పోలీసులు అడిగితే టీ బండివాడు తాను పొయ్యి వైపు తిరిగి ఉన్నానన్నాడు. సాక్షిని నేనొక్కదాన్నే. రవీందర్ మా గదికి వచ్చి గడపలో కూర్చున్నాడు.

"చూడలేదని చెప్పమ్మా, చాలు. నా నౌకరి పోతది. జైలైతది."

"మా ఆయన సంగతిల నేను జూసింది పనికి రాకపాయె. గిప్పుడు గూడ వద్దంటున్నవా బిడ్డా?"

తల దించుకుని వెళ్ళాడు.

దవాఖానలో సుబ్రహ్మణ్యం కుట్లు పడిన నోటితో, ఇప్పుడైనా మీవాళ్ళే చంపారని ఒప్పుకోండి అన్నాడు. రాయి చంపలేదు, రాయి తగిలాక ఆయన నవ్వాడు అన్నాను. మొహం గోడ వైపు తిప్పుకున్నాడు.

మా ఆయన్ని కొట్టినవాళ్ళ బట్టలే వేసుకున్న పోలీసుల ముందు కూర్చుని, చూసింది చూసినట్టు చెప్పాను. రవీందర్ పట్టుకోవడం చూశాను. మొదట ఎవరు తిట్టారో చూడలేదు. వాళ్ళలో ఒకతను రాసుకుని వేలిముద్ర వేయమన్నాడు. నా మాటల్లో ఏది ఉంచాడో, ఏది తీసేశాడో నాకు తెలియదు. పేపరోడు రాయిని తీసేసినట్టు ఇతనూ ఏదైనా తీసేసి ఉంటే? అయినా వేలు అద్దాను. మణికట్టుకు వేసిన కట్టు విప్పిన వారమే బస్తీలోని సాయంత్రం బడికి వెళ్ళాను.

రవీందర్‌కు శిక్ష పడింది. సుబ్రహ్మణ్యం ఉద్యోగం మాని ఏలూరు వెళ్ళిపోయాడు. చదవడం వచ్చాక నేను మొదట చదివింది ఆ పేజీనే. బడిలో పంతులమ్మ ఫోన్‌లో తెరిచి ఇచ్చింది. వేలు పెట్టి చివరిదాకా చదివాను. వీరేశం లేడు. నమ్మదగిన ఆధారం లేదని వాక్యమే తీసేశారు.

అందుకని ఇది రాసి పత్రికకు పంపుతున్నాను. అచ్చయితే ఆధారం అవుతుందట. రాయి వేసినవాణ్ణి నేను చూడలేదు. లాఠీ ఎత్తినవాళ్ళ మొహాలకు హెల్మెట్లు ఉన్నాయి, పేర్లు తెలియవు. తెలియనిది ఎవరూ కలపవద్దు. రాయి, నీళ్ళు, లాఠీ మూడూ ఉంచండి. చెప్పింది ఎవరని అడుగుతారు కాబట్టి కింద రాస్తున్నాను.

కిష్టమ్మ, వీరేశం భార్య. వయసు యాభై తొమ్మిది. ఉండేది మియాపూర్, బస్ డిపో వెనక బస్తీ.