కిటికీలో ఒక్కడు

పోచంపల్లిలో చిలుకలు నేసినవాళ్లున్నారు, ఏనుగులు నేసినవాళ్లున్నారు. అంతరిక్ష నౌకను నేద్దామని మగ్గమెక్కినవాడు మాత్రం భిక్షం ఒక్కడే. బుద్ధి ఉన్నవాడు చేసే పనేనా అది?

ఆ బొమ్మ చిన్నప్పుడు లైబ్రరీవాళ్లు పారేసిన రష్యా పత్రికలో దొరికింది. మనిషి ఇంకా చంద్రుడి మీద కాలు పెట్టని రోజుల్లో ఎవరో చిత్రకారుడు ఊహించి గీశాడు. పొడుగాటి ముక్కు, చేపకున్నట్టు రెక్కలు, గుండ్రటి కిటికీ. అలాంటి నౌకను ఎవరూ తయారుచేయనే లేదు. కిటికీలో ఒకే ఒక్క మనిషి బయటి చీకటిని చూస్తూ కూర్చున్నాడు.

కరోనాలో భార్య బాలనర్సమ్మ పోయాక భిక్షానికి ఆ మనిషి బాగా అర్థమయ్యాడు. పొద్దున లేస్తే పలకరించే దిక్కు లేదు. ఇన్నాళ్లూ సావుకార్లు ఇచ్చిన డిజైన్లే నేశాడు, ఒక్క గుడ్డయినా తన ఒంటరితనం చెప్పేది నేయాలని పట్టుబట్టాడు. గోడకు వేలాడదీసుకుంటాడట!

గ్రాఫు కాగితం మీద గీశాడు. అడ్డపోగును ఆసు అనే మేకుల చట్రం మీద చుట్టడం బాలనర్సమ్మ పని, అదీ తనే చేశాడు. రంగు అంటకూడని చోటల్లా పోగుకు రబ్బరు ముక్కలతో ముడులు కట్టి, రంగులో ముంచి, ఆరబెట్టాడు. ఇరవై రోజులు పట్టింది. మగ్గం మీద జానెడు నేసి చూశాడు. కుడివైపు ఒక నౌక తేలుతోంది. ఎడమవైపు ఇంకొకటి!

చీర పోగును సగానికి మడిచి కట్టడం అతనికి అలవాటు. ఒక వైపు చిలుకను కడితే చాలు, రెండో వైపు అద్దంలో బొమ్మలా దాని జోడీ దానంతటదే వస్తుంది. ఈసారి మడవకూడదన్న సంగతే భిక్షానికి తట్టలేదు.

"నా చేతులు పడిపోను! ఒక్కణ్ని నేద్దామంటే ఇద్దరైరి" అని తల బాదుకున్నాడు.

కూరగిన్నెతో వచ్చిన తమ్ముడి బిడ్డ హరిత మగ్గం మీదికి వంగి చూసింది. "మంచిగనే ఉన్నది గద పెద్దబాపూ! పాపం, గాయనకు తోడు దొరికిండు."

"ఏం తోడు బిడ్డా? జర సూడు. గాడు అటు సూస్తుండు, గీడు ఇటు సూస్తుండు. ఒకని మొఖం ఇంకొకనికి కనబడదు."

అంటూ అంటూనే ఆగిపోయాడు.

"మీ పెద్దమ్మ గూడ గట్లనే కూసునేది. ఆసు గా గోడకు, మగ్గం గీ గోడకు. నలభై ఏండ్లు నా ఎన్కనే ఉన్నది బిడ్డా. పని ఆగుతదని నేను ఒక్కనాడు మర్లి సూడలే."

ఆ మాట అని భిక్షం వెనక్కి తిరిగాడు. ఆసు ముందు ఎవరూ లేరు.