పొత్తు మంచం

మా ఆయనకీ మా తమ్ముడికీ కలిపి ఒకటే మంచం. రాత్రి మా ఆయనది, పగలు తమ్ముడిది. రబ్బరు చెప్పుల ఫ్యాక్టరీలో మా ఆయన పగటి షిఫ్టు, తమ్ముడు రాత్రి షిఫ్టు. ఆయన లేచి పనికి పోతుంటే వీడు పని దిగి వచ్చి పడుకుంటాడు. ఆ రేకుల షెడ్డులో ఉన్న మంచాలన్నిటికీ ఇలాగే ఇద్దరేసి మొగుళ్ళు. దేశం కాని దేశం వచ్చిన కూలివాళ్ళకి తలకో మంచం దండగని కంపెనీవాళ్ళ ఉద్దేశం.

నేను ఆ షెడ్డుకి వంటమనిషిని. వంటింట్లోనే ఓ మూల చాప వేసుకుని పడుకుంటాను కాబట్టి నాకు ఎవరితోనూ పొత్తు లేదు. కట్టుకున్న మొగుడితో కూడా లేదు.

పొద్దునా సాయంత్రం వరండాలో ఒకరికొకరు ఎదురుపడినప్పుడే ఆ బావాబామ్మర్దుల మాటాముచ్చటా.

"ఒరేయ్ గుడ్లగూబా, మళ్ళీ నా దిండు మీద చొంగ కార్చావంటే తాట తీస్తా."

"ముందు నీ గురక మంచంలోంచి దులిపి పో బావా. నిన్న పగలంతా వినపడుతూనే ఉంది."

ఒకడు దుప్పటి మడిచి కాళ్ళవైపు పెట్టేవాడు, ఇంకొకడు తన దుప్పటి పరుచుకునేవాడు. ఇక్కడికొచ్చాక ఇద్దరూ పక్కపక్కన కూర్చుని అన్నం తినగా నేను చూడలేదు.

ఫ్యాక్టరీలో రబ్బరు పిసికే రోలర్లు ఉంటాయి. రెండు ఇనుప దుంగలు ఎదురెదురుగా తిరుగుతుంటాయి, వాటి మధ్యకి రబ్బరు ముద్దని చేత్తో తొయ్యాలి. వాటికి పైన, చెయ్యెత్తితే అందేటట్టు, ఒక తీగ ఉండేది. ఎవరి చెయ్యి ఇరుక్కున్నా తీగ లాగితే రోలరు ఆగిపోయేది. ఊరికే తగిలినా ఆగిపోతోంది, పని వెనకబడుతోందని కంపెనీ ఆ తీగలన్నీ పీకించేసింది. ఆ తర్వాత ఒకడి చెయ్యి మోచేతి దాకా నలిగిపోయింది. నిద్రపోతూ పనిచేశాడని వాడి మీదే తప్పు తోసి, కట్టు కట్టించి, ఇంటికి పంపేశారు. పొద్దస్తమానం నిలబెడితే ఎద్దయినా కూలబడుతుంది. వాడు మనిషి.

తీగలు మళ్ళీ పెట్టేదాకా పనిలోకి వెళ్ళకూడదని పగటి షిఫ్టువాళ్ళు అనుకున్నారు. అందరికంటే ముందు నిలబడ్డది మా ఆయనే. నాకు భయం వేసింది, గర్వంగానూ అనిపించింది. గేటు ముందు కూర్చుంటే పోలీసులు ఎత్తుకుపోయి తిన్నగా విమానం ఎక్కిస్తారు. అందుకని మా ఆయన ఒక ఉపాయం చెప్పాడు. అందరికీ ఒకేసారి జ్వరం రావాలి. జ్వరమొచ్చినవాణ్ణి పనిలోకి పిలవకూడదని కంపెనీ పెట్టిన రూలే ఉంది. ఎవరి మంచం మీద వాళ్ళు ముసుగుతన్ని పడుకోవాలి, తీగలు వచ్చేదాకా లేవకూడదు. రాత్రి షిఫ్టువాళ్ళు కూడా పని దిగగానే వచ్చి జ్వరం తెచ్చుకోవాలి. ఆ కబురు వాళ్ళకి అందించే పని నాకు అప్పగించారు.

"మరి వాళ్ళెక్కడ పడుకుంటారు?" అన్నాను.

మా ఆయన నా వంక తెల్లబోయి చూశాడు. రెండు షిఫ్టులూ ఆ షెడ్డులో ఒక్కనాడైనా కలిసి పడుకున్నది లేదు. ఎవడికి వాడు మంచం తనదే అనుకుంటూ బతికాడు. అంతమంది తలలు దగ్గర పెట్టి ఆలోచిస్తే ఒక్కడికీ ఈ సంగతి తట్టలేదు.

"ఒక్క పూటే కదా, సర్దుకుంటారులే. పోరాటమన్నాక నిద్ర గురించి ఆలోచిస్తామా?" అన్నాడు చివరికి.

పడుకుని చేసే పోరాటానికి నిద్ర గురించి ఆలోచించకపోతే ఎలా అని నోటిదాకా వచ్చింది. వాళ్ళ ఉత్సాహం చూసి ఊరుకున్నాను.

మర్నాడు పొద్దున రాత్రి షిఫ్టు దిగి వచ్చేసరికి మంచాలన్నీ నిండిపోయి ఉన్నాయి. గుమ్మంలో కాపలావాడు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. కంపెనీ వాడికి ఒక్క ముక్క చెప్పి పంపింది. మంచం మీద ఉన్నవాడు రోగి, కాలు కింద పెట్టినవాడికి జబ్బు నయమైనట్టు. దాంతో పడుకున్నవాడెవడూ దిగడానికి లేదు. మంచాలు చూద్దామా, వెల్లకిలా పడుకుంటే మోచేతులు బయటికొస్తాయి. మంచానికీ మంచానికీ మధ్య అడ్డంగా నడవాల్సినంత సందు.

తమ్ముడు రబ్బరు మసి కొట్టుకున్న మొహంతో వచ్చి మంచం పక్కన నిలబడ్డాడు.

"జరుగు బావా. నాకూ జ్వరమే."

"జరిగితే కింద పడతానురా. పడితే బాగైపోయానంటాడు వాడు. ఇవాళ్టికి ఎక్కడన్నా కాస్త నడుం వాల్చు."

"ఎక్కడ వాల్చను? నీ నెత్తి మీదా?"

చుట్టుపక్కల మంచాలవాళ్ళు నవ్వారు. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. రాత్రంతా నిలబడి వచ్చినవాడికి పరాచికాలు రుచించవు. ఇంకొకడు తన మంచం మీదున్నవాడి కాళ్ళు పట్టుకుని లాగాడు. అవతల ఒకడు తన పొత్తుగాడి తల్లినీ చెల్లినీ కలిపి తిట్టాడు. నిన్నటిదాకా ఒకరి చెమట వాసన మీద ఒకరు నిద్రపోయినవాళ్ళు. రాత్రంతా మేం చాకిరీ చేసొస్తే మీరు పడుకుని సమ్మె చేస్తారా అని వీళ్ళు. మీకు మాత్రం చేతులు లేవా, ఈ సమ్మె మీకోసం కూడా కాదా అని వాళ్ళు. రెండు వైపులా న్యాయమే ఉంది కాబట్టి తగవు తెగలేదు.

తమ్ముణ్ణి వంటింట్లోకి లాక్కొచ్చి నా చాప మీద పడుకోబెట్టాను. వంటింట్లో మగవాళ్ళు ఉండకూడదంటూ కాపలావాడు వచ్చి వాణ్ణి చెయ్యి పట్టి లేపేశాడు. అప్పటికి ఎండ ఎక్కింది. వరండా నేల కాలుతోంది. రాత్రి షిఫ్టువాళ్ళంతా గోడ నీడలో ఒంటికాలి మీద కొంగల్లా నిలబడ్డారు.

అప్పుడు వచ్చాడు తేనె సార్. సూపర్‌వైజరు. మన మాటే మాట్లాడే మనవాడే. తేనె పూసిన కత్తి కాబట్టి ఆ పేరు పెట్టుకున్నాం.

"అయ్యయ్యో, ఏంటి నాయనా ఈ ఎండలో? మీవాళ్ళే మిమ్మల్ని బయటికి నెట్టారా?" అన్నాడు. "ఫ్యాక్టరీలో కొత్త గోడౌనులో పరుపులు వేయించాను, ఫ్యాన్లు పెట్టించాను. పనీ గినీ ఏం లేదు. వచ్చి పడుకోండి చాలు."

నేను తమ్ముడి చెయ్యి పట్టుకున్నాను. "వెళ్ళొద్దురా. ఎలుక మీద పిల్లికి జాలేసిందంటే నమ్ముతావా?"

"కళ్ళు మండిపోతున్నాయక్కా. మిషను ముట్టుకోను, నీ మీదొట్టు. ఓ కునుకు తీసి వచ్చేస్తా."

వాడు నా చెయ్యి విడిపించుకుని వెళ్ళాడు. వాడి వెనకే అందరూ వెళ్ళారు. చివరివాడు లోపలికి పోగానే ఫ్యాక్టరీ గేటుకి తాళం వేశారు.

మధ్యాహ్నం మంచాల మీది రోగులకి అన్నాలు పెడుతుండగా పైన రేకులు సన్నగా అదరడం మొదలుపెట్టాయి. రోలర్లు తిరిగితేనే అవి అలా అదురుతాయి. అందరి చేతులూ కంచాల్లోనే ఆగిపోయాయి.

"అమ్ముడుపోయారు," అన్నాడు మా ఆయన. "పరుపు చూపిస్తే చాలు, నీ తమ్ముడు కన్నతల్లినైనా అమ్మేస్తాడు."

"నువ్వు కాస్త జరిగుంటే వాడు ఇక్కడే ఉండేవాడు."

కంచం నా మీదికి విసరబోయి ఆగాడు. ద్రోహులని ఒకడు, వెన్నెముక లేనివాళ్ళని ఒకడు, ఇక వాళ్ళతో మంచం పంచుకునేది లేదని ఇంకొకడు. నేను కూర వడ్డిస్తూ పోయాను. తమ్ముడి మీద నాకూ కోపం వచ్చింది. నా మీదొట్టు వేసి వెళ్ళాడు కదా.

ఉన్నట్టుండి రేకుల అదురు ఆగిపోయింది. ముందు పెద్ద రోలరు మోత ఆగింది, దాని వెంబడే ఒక్కొక్కటీ అన్నీ ఆగిపోయాయి.

"ఆపేశార్రా," అన్నాడొకడు. "మనవాళ్ళు మిషన్లు ఆపేశారు."

ఇక చూడాలి వాళ్ళ సంబరం. పడుకున్నవాళ్ళు పడుకున్నట్టే మంచాలు దబదబా బాదారు. ఒకడు కంచం మీద దరువేశాడు. మా ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నా బామ్మర్దిరా వాడు. వాడి సంగతి నాకు తెలీదా?" అన్నాడు పక్కవాడితో. నేనూ నవ్వాను. గరిటె చేత్తో పట్టుకుని పగలబడి నవ్వాను.

తేనె సార్ పరుగెత్తుకుంటూ వచ్చాడు. గొంతులో తేనె చుక్క లేదు. పెద్ద రోలరుని వెనక్కి తిప్పాలి, లే, అన్నాడు మా ఆయనతో. ఆ రోలరు మీద రోజూ పనిచేసేది ఆయనే.

"నాకు జ్వరం సార్," అన్నాడు మా ఆయన నవ్వుతూ. అందరూ గొల్లుమన్నారు. "తీగలు పెట్టించండి, తగ్గిపోతుంది. ఇంతకీ ఏం ఇరుక్కుంది అందులో?"

తేనె సార్ తల తిప్పి నా వైపు చూశాడు.

మా ఆయన మంచం మీంచి ఎప్పుడు దూకాడో తెలియదు. ఆయన వెనక నేను, నా వెనక షెడ్డంతా. కాపలావాడు కుర్చీ తీసి దారి వదిలాడు. తేనె సార్ వచ్చిన ఫ్యాక్టరీ గేటు తెరిచే ఉంది.

అక్కడున్న రాత్రి షిఫ్టువాడొకడు నాకు తర్వాత చెప్పాడు. కన్ను అంటుకుందో లేదో అందర్నీ లేపారట. తేనె సార్ తమ్ముడి భుజం మీద చెయ్యేసి, మీ బావతో మాట్లాడేశాం, ఒప్పుకున్నాడు, అన్నం తిని వస్తున్నాడు, అందాకా ఆయన రోలరు నువ్వు చూడు అన్నాడట. మా బావ అలాంటివాడు కాదని తమ్ముడు తల అడ్డంగా ఊపాడట. ఎంత ఊపినా, నిలబడి నిద్రపోతున్నవాడు ఎంతసేపు వాదిస్తాడు?

మేం వెళ్ళేసరికి వాడు రోలరుని కావలించుకున్నట్టు ఉన్నాడు. కుడిచెయ్యి భుజం దాకా లోపలికి పోయింది. రొమ్ము ఇనుముకి అదుముకుపోయింది. పిచ్చివాడు, ఇంకా ఊపిరి ఉంది. నేను వెళ్ళి వాడి తల పట్టుకున్నాను. రోలరు లోపలికి లాగేటప్పుడు ఎంత నలుపుతుందో, వెనక్కి తిరిగేటప్పుడూ అంతే నలుపుతుంది. ఆ సంగతి తెలిసిన మా ఆయన స్విచ్చు మీద చెయ్యి వేసి నిలబడిపోయాడు.

తమ్ముడు కళ్ళు తెరిచి ఆయన్ని చూశాడు.

"వచ్చేశావా బావా," అన్నాడు. "సార్ చెప్తే నేను నమ్మలేదు."

మా ఆయన నోరు తెరిచాడు. మాట బయటికి రాలేదు. రోలరు వెనక్కి తిప్పమని తేనె సార్ అరిచాడు, మా ఆయన తిప్పాడు, తమ్ముడు నా మీద పడ్డాడు. అప్పుడు మాట వచ్చింది ఆయనకి. పనిలోకి రాలేదురా, సమ్మె అలాగే ఉందిరా, నీకోసం వచ్చానురా అని చెప్పాడు. వాడి చెవి దగ్గర నోరు పెట్టి చెప్పాడు. నేను గట్టిగా పట్టుకుని వెనక్కి లాగేదాకా చెబుతూనే ఉన్నాడు.

తమ్ముడి మీద ఇంకా గుడ్డ కూడా కప్పలేదు, కంపెనీ మనిషి ఒకడు నిచ్చెన వేసుకుని ఆ రోలరు పైన తీగ కట్టడం మొదలుపెట్టాడు. రేపు ఎవరైనా వచ్చి అడిగితే తీగ ఉంది, వాడే లాగలేదు అని చెప్పుకోవాలి కదా.

తేనె సార్ మొహం తుడుచుకున్నాడు. గొంతులోకి తేనె మళ్ళీ వచ్చింది.

"ఎలాగూ అందరూ లేచారు కదా నాయనా," అన్నాడు. "తీగ కూడా కట్టించాను. ఇది కడిగేలోపు మిగతావి నడిపించండి."

రెండు షిఫ్టులవాళ్ళూ ఒక్కొక్కరే ఆ నేల మీద కూర్చున్నారు. మంచం దగ్గర కొట్టుకున్నవాళ్ళు కూడా పక్కపక్కనే కూర్చున్నారు. మా ఆయన తమ్ముడి కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. ఎవరూ కదలరనే అనుకున్నాను.

వెనక ఎక్కడో ఒక మిషను మొదలైంది. ఎవరు వేశారో నేను తల తిప్పి చూడలేదు. చూసి ఉంటే వాడికి మళ్ళీ అన్నం పెట్టగలిగేదాన్ని కాదు.