ఆ క్వార్టరు ఆయా

ఎవరైనా బతిమిలాడితే కాదనలేకపోవడం సారవ్వకు పుట్టుకతో వచ్చిన జబ్బు. ఆ జబ్బుకు ఇంకా ఎవరూ సూది కనిపెట్టలేదు. లేకపోతే ఎండాకాలమంతా కట్టుకున్నవాణ్ణి వదిలేసి ఇంకొకరి క్వార్టర్లో ఎందుకు పడి ఉంటుంది?

గోదావరిఖనిలో కరోనా రెండోసారి విరుచుకుపడిన రోజులవి. శోభ బొగ్గు కంపెనీ దవాఖానలో నర్సు. ఆమెకు సరిగ్గా కరోనా వార్డులోనే డ్యూటీ పడింది. భర్త జగదీశ్వర్ బొగ్గు బాయిలో ఓవర్‌మన్, ఏ షిఫ్టు వేస్తే ఆ షిఫ్టుకు దిగాల్సిందే. వాళ్ళ మూడేళ్ళ కొడుకు రుత్విక్‌ను చూసుకునే ఆయా సారవ్వ. పొద్దున వచ్చి పొద్దుగూకే వేళకు బస్తీలో తన ఇంటికి పోయేది.

ఒకనాడు వంటింట్లో శోభ ఆమె చేతులు రెండూ పట్టుకుంది.

"సారక్కా, నువ్వు రోజు బస్తీకి పోయొస్తే అక్కడి రోగం ఇక్కడికి, ఇక్కడి రోగం అక్కడికి. కొన్నొద్దులు ఇక్కడనే ఉండు. గడప దాటకు. నీ సూది జిమ్మ నాది. మన కాలనీల క్యాంపు పెట్టిననాడు మొదలు నీకే ఏపిస్త. సూది పడ్డంక నిమ్మళంగ ఇంటికి పో."

"మా ఆయన ఒక్కడే ఉంటడు సిస్టరమ్మా. ఆయనకు దమ్ము రోగం."

"గందుకే అంటున్న. నువ్వు రోగం మోసుకపోతే ఆయన తట్టుకుంటడా?"

ఆ మాట నిజమే. ఆమె భర్త సదయ్య బొగ్గు లారీల మీద కాంట్రాక్టు పని చేసి చేసి ఛాతీ నిండా దుమ్ము నింపుకొచ్చినవాడు. పర్మనెంటు కాదు కాబట్టి కంపెనీ దవాఖాన కార్డు లేదు. సర్కారు దవాఖానలో వయసు దాటినవాళ్ళకు వేస్తున్నారంటే పోయి ఒక డోసు వేయించుకున్నాడు. కానీ ఇతనికి కరోనా వస్తే మాత్రం మా చేతుల్లో ఏమీ లేదని అక్కడి డాక్టరు ముందే చెప్పేశాడు. సారవ్వకు ఆ వయసు ఇంకా రాలేదు. తర్వాత ఆటోవాళ్ళకు వేస్తామన్నారు, కూరగాయలమ్మేవాళ్ళకు వేస్తామన్నారు, కటింగు షాపులవాళ్ళకూ వేస్తామన్నారు. పొద్దస్తమానం ఇంకొకరి పిల్లల్ని చంకనేసుకొని తిరిగే ఆడవాళ్ళు మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు.

అందుకని సారవ్వ ఉండిపోయింది. శోభ వార్డు నుంచి వచ్చి విప్పిన బట్టల్ని ఉడుకునీళ్ళలో వేసి ఉతికేది, పిల్లవాడికి తినిపించేది, సాయంత్రం పూట సదయ్యతో ఫోన్లో మాట్లాడేది. అవతల దగ్గు వినబడితే ఇవతల ఆమెకు అన్నం దిగేది కాదు. అన్నింటికీ ఒకటే మందు అనుకుంది. సూది పడాలి, ఇంటికి పోవాలి, ఆయన పక్కన కూర్చొని కడుపు నిండా తినాలి.

"సూది పడ్డనాడు ఆకుపచ్చ చీర కట్టుకొని వస్త," అని ఫోన్లో చెప్పింది. "దూరం నుంచి చూసి తెలుసుకో."

"నీ నులక మంచం బిగించి పెడ్త," అన్నాడు సదయ్య.

చివరికి కాలనీ క్లబ్బులో క్యాంపు ఖాయమైంది. కార్మికులకు, వాళ్ళ భార్యాపిల్లలకు, తల్లిదండ్రులకు వేస్తారు. ఇళ్ళలోనే ఉండి పనిచేసేవాళ్ళకు కూడా వేస్తారు గానీ, క్వార్టరుకు ఒక్కరికే. అది కూడా ఇంటివాళ్ళు వెంట వచ్చి, ఈమె మా ఇంట్లో మనిషేనని చెబితేనే. ఆ మాట విని సారవ్వ శోభను మనసులో దేవతను చేసేసింది. సిస్టరమ్మ అన్న మాట తప్పలేదని మురిసిపోయింది.

ఆ వారమే శోభ చెల్లెలు దీప హైదరాబాద్ నుంచి వచ్చింది. ఏదో ఆఫీసులో ఉద్యోగం, ఇన్నాళ్ళూ ఇంటి నుంచే పని. మంచి పిల్ల, నవ్వు మొహం. రుత్విక్ మాత్రం ఆమెను చూస్తే చాలు, సారవ్వ కొంగు వెనక దాక్కునేవాడు.

"సూది ఏసుకున్నంక నీకు జరం వస్తది సారక్కా," అంది శోభ. "రెండొద్దులు లేవలేవు. అప్పుడు వీణ్ణి ఎవరు చూస్తరు? దీపకు జర అలవాటు చెయ్యి."

ఎంత ముందుచూపు అనుకుంది సారవ్వ. దీపను పక్కన కూర్చోబెట్టుకొని తనకు తెలిసిందంతా నేర్పింది. చంకలో ఏ వైపు వేసుకుంటే పిల్లవాడు కుదురుగా ఉంటాడో చూపించింది. పప్పన్నం ముద్దలో నెయ్యి ఎక్కడ దాచిపెట్టాలో చూపించింది. ఆఖరికి తన సైరన్ కూడా ఇచ్చేసింది.

ఆ సైరన్ సంగతి చెప్పాలి. బాయి మీద సైరన్ కూస్తే షిఫ్టు అయిపోయినట్టు, నాన్న ఇంటికి వస్తున్నట్టు రుత్విక్ లెక్క. వాడు ఎంత గుక్కపెట్టి ఏడుస్తున్నా సారవ్వ వాడి చెవి దగ్గర నోరు పెట్టి సన్నగా సైరన్ తీసేది. మొదట లోపలి నుంచి లేచినట్టు, తర్వాత పైకి పోయి నిలబడినట్టు, చివరికి మెల్లగా దిగినట్టు. వాడు టక్కున ఏడుపాపి తలుపు వైపు చూసేవాడు. కన్నతల్లికి కూడా రాని విద్య అది. దీపకు రెండు రోజుల్లో వచ్చేసింది. సారవ్వ సంబరపడి ఆమె వీపు తట్టింది కూడా.

క్యాంపు మొదలైన పొద్దున శోభ వచ్చి, "సారక్కా, దీప బట్టలన్నీ నానబెట్టుకున్నది. నీ చీర ఒకటి ఇయ్యి," అంది.

సారవ్వ పెట్టె తెరిచి, ఉన్నవాటిలో కొత్తదని, ఆ ఆకుపచ్చ చీరే తీసింది. చదువుకున్న పిల్లకు వెలిసిపోయిన చీర ఎట్లా ఇస్తుంది?

"అది వద్దు. నువ్వు రోజూ కట్టేది ఇయ్యి. పాతదే చాలు."

పువ్వుల చీర ఇచ్చింది. తన మంచి చీర ఖరాబు కావద్దని పాతది అడిగిందనుకొని, ఆ మనసుకు కూడా మురిసింది.

"నీది రేపు," అని చెప్పి శోభ వెళ్ళిపోయింది. "ఇయ్యాల మందిల నిలబడలేవు." దీప, రుత్విక్ ఆమె వెంట వెళ్ళారు. పిల్లవాణ్ణి అట్లా గాలికి తిప్పుకొస్తామన్నారు.

మధ్యాహ్నం ఓపెన్‌కాస్ట్‌ గనిలో బ్లాస్టింగుకు కిటికీలు గలగలమన్నాయి. ఆ తర్వాత కాసేపటికి పక్క క్వార్టర్లో పనిచేసే మక్సూదా ప్రహరీ మీది నుంచి తొంగిచూసింది. భుజం మీద దూది అంటించి ఉంది.

"సారవ్వా, నువ్వు ఇంట్లనే ఉన్నవా?"

"యాడికి పోత?"

"క్లబ్బుల నా ముంగట లైన్ల ఉన్నది నువ్వే అనుకున్న. గదే పూల చీర, చంకల మీ పిలగాడు. సారవ్వా అని పిలిచిన కూడ. తిరిగి చూస్తే సిస్టరమ్మ చెల్లెలు." మక్సూదా గొంతు తగ్గించింది. "ఆయా అని చెప్పి ఏపిచ్చుకున్నది. నీకు ఎరుకనే అనుకున్న."

సారవ్వ లోపలికి పోయి ఆకుపచ్చ చీర కట్టుకుంది. మక్సూదా పొరబడి ఉంటుందని నూరుసార్లు అనుకుంటూ, ఇన్నాళ్ళకు మొదటిసారి ఆ గడప దాటింది.

క్లబ్బు గేటు దగ్గర బుచ్చన్న కుర్చీ వేసుకొని కూర్చున్నాడు. వచ్చినవాళ్ళను అడిగి లోపలికి పంపే పని అతనిది. క్వార్టరు పేరు చెప్పగానే తల అడ్డంగా ఊపాడు.

"ఆ ఇంటి ఆయా పొద్దుగాలనే ఏసుకొని పోయింది చెల్లె."

"ఆ ఇంటి ఆయాను నేనే అన్నా."

"అందరు గట్లనే అంటున్నరు. చుట్టాలను తెచ్చి ఆయాలంటున్నరని సార్లు గరమైతున్నరు. నేను కూడ ఆమెను జర అనుమానంగనే చూసిన. చేతులు చూస్తే పనిచేసే చేతుల లెక్క లెవ్వు. గప్పుడే పిలగాడు సూదులను చూసి ఏడుపు లంకించుకున్నడు. ఆమె చెవుల నోరు పెట్టి సైరన్ ఊదింది. టక్కున ఊకున్నడు. ఇంక అడిగేదేముంది? ఆయా గాకుంటె పిలగాడు గట్ల ఊకుంటడా?"

సారవ్వ గేటు కమ్మీ పట్టుకొని నిలబడిపోయింది. సూది పోయినందుకు కాదు. సూది ఇవాళ కాకపోతే ఇంకోనాడు దొరకొచ్చు. తన చేతులతో తానే నేర్పి, తన చీర తానే ఇచ్చి, వీపు కూడా తట్టింది చూడు, ఆ తట్టిన చెయ్యి నరుక్కోవాలనిపించింది.

క్వార్టరుకు వచ్చేసరికి వాళ్ళు తిరిగొచ్చి ఉన్నారు. దీప మొహం చాటేసి లోపలి గదిలోకి పోయింది. పువ్వుల చీర మడిచి కుర్చీ మీద పెట్టి ఉంది. రుత్విక్ పరుగెత్తుకొచ్చి సారవ్వ కాళ్ళను చుట్టేసుకున్నాడు.

ఆకుపచ్చ చీర చూడగానే శోభకు అంతా అర్థమైంది.

"కూసో సారక్కా. కోపం చెయ్యకు. దీపకు ఆఫీసోళ్ళు సూది లేకుంటె రానియ్యమన్నరు. చెల్లెను కంపెనీ లెక్కల రాసుకోరు. అది రోజు బస్సులల్ల తిరగాలె. నువ్వంటె ఇంట్లనే ఉంటవ్. గడప దాటేది లేదు. నీకు ఎక్కడి నుంచి అంటుకుంటది చెప్పు?"

సారవ్వ ఆమె మొహంలోకి అట్లాగే చూసింది. వార్డులో ఎంతమందికో ఊపిరి పోసిన మనిషి ఈ మాట అంటోంది.

"గడప దాటొద్దన్నది ఎవరు సిస్టరమ్మా?"

శోభ కుర్చీ మీది పువ్వుల చీరను మళ్ళీ మడవసాగింది.

"నువ్వు వార్డుల ఇప్పిన బట్టలు ఉతికింది ఎవరు?"

"వచ్చే క్యాంపుల నీకు పక్కా సారక్కా. నా కొడుకు మీద ఒట్టు."

"పిలగాని మీద ఒట్టు పెట్టకు," అంది సారవ్వ. "వచ్చే క్యాంపుల ఆయాకు రెండో సూది ఏస్తరు. ఇంటికొక్కరే గద."

వంగి రుత్విక్‌ను ఎత్తుకుంది. వాడి చెంప తన మెడకు ఒకసారి ఆనించుకుంది. తర్వాత లోపలి గదిలోకి పోయి, మంచం మీద కూర్చున్న దీప ఒళ్ళో వాణ్ణి దించింది. పువ్వుల చీర తెచ్చి పక్కన పెట్టింది.

"ఇది నువ్వే ఉంచుకో బిడ్డా. ఈ ఇంటి ఆయావు నువ్వే."

దీప కళ్ళనిండా నీళ్ళు తెచ్చుకుంది. ఆ నీళ్ళు చూసి కరిగిపోయే సారవ్వ పొద్దున్నే అయిపోయింది. పెట్టె చంకన పెట్టుకొని బయటికి నడిచింది. వెనక నుంచి రుత్విక్ ఏడుపు లేచింది. "అవ్వా, అవ్వా" అంటూ గుక్కపెట్టాడు. గేటు దగ్గర ఆమె కాళ్ళు ఆగిపోయాయి. ఇంకొక్కసారి పిలిస్తే వెనక్కి పోయేదే. అంతలో లోపల సన్నగా సైరన్ మొదలైంది. లేచింది, నిలబడింది, దిగింది. పిల్లవాడు ఏడుపాపేశాడు.

బస్తీకి చేరేసరికి ఎండ తగ్గింది. సదయ్య వాకిట్లో నులక బిగిస్తున్నాడు. ఆకుపచ్చ చీరను అంత దూరం నుంచే చూసి లేచి నిలబడ్డాడు. ఆయన మొహంలో అంత వెలుగు ఆమె ఎన్నేళ్ళకో చూసింది.

"పడ్డదా సూది?"

"పడ్డది," అంది సారవ్వ. "నా చీరకు పడ్డది."

ఆయనకు అర్థం కాలేదు. నవ్వుతూ రెండడుగులు ముందుకేసి, దగ్గు తెర వచ్చి ఆగిపోయాడు.

"రాకు," అని సారవ్వ చెయ్యి అడ్డం పెట్టింది. "నా దగ్గరికి రాకు. నాకు ఎయ్యలేదు."

తడిక బయటే గోడకు ఆనుకొని కూర్చుంది. సదయ్య బిగించిన మంచాన్ని ఒక్కడే ఈడ్చుకుంటూ తడిక దాకా తెచ్చి వదిలి, మళ్ళీ గడప మీదికి పోయి కూర్చున్నాడు. మధ్యలో వాకిలంత దూరం. ఇద్దరూ ఆ వాకిలి వైపే చూస్తూ ఉన్నారు.

అంతలో బాయి మీద షిఫ్టు సైరన్ కూసింది. సారవ్వ రెండు చేతులతో చెవులు మూసుకొని, అది పూర్తిగా దిగిపోయేదాకా తీయలేదు.