ముట్టనివ్వని గడియారం

"యాభై ఏళ్లలో ఒక్కసారి కూడా రిపేరుకెళ్లలేదు బాబూ. మా ఆయన క్లారీ నన్ను ముట్టనిస్తేగా! నా చేతిలో ఏదీ నిలవదట," అంది నోరీన్.

ఆస్ట్రేలియాలోని బల్లరాట్‌లో పాత గడియారాలకు వెలకట్టే డెస్మండ్ ఆమె తెచ్చిన గడియారం వెనక తలుపు తీసి భూతద్దం పెట్టాడు. బాగుచేసిన ప్రతివాడూ లోపలి ఇత్తడి రేకు మీద తేదీ గీకడం ఆ పనివాళ్ల ఆనవాయితీ.

"నాలుగుసార్లు వెళ్లిందమ్మా. నాలుగూ ఈస్టర్ వారాలే. ఆఖర్న, 'క్లారీ మళ్లీ కింద పడేశాడు' అని కూడా గీకారు."

ఏటా ఈస్టర్‌కి నోరీన్ చెల్లెలింటికి వెళ్లేది. గడియారానికి కీ ఇవ్వాలంటూ క్లారీ ఇంట్లోనే ఉండిపోయేవాడు.

"ఇన్ని దెబ్బలు తింటే ధర సగానికి పడిపోతుందమ్మా."

"ధర సంగతి తర్వాత," అంటూ నోరీన్ లేచింది. "ఆ పెద్దమనిషి లోపలికి రాకుండా కారులోనే ఎందుకు కూర్చున్నాడో ఇప్పుడు తెలిసింది."