ఆరంగుళాల దూలం

"కప్పు రేకా, పెంకా?" అని అడిగాడు వన్ టౌన్ అడితిలో కలప అమ్మే రామకోటేశ్వరరావు.

"రేకే," అన్నాడు మంగరాజు.

"పెంకు," అంది కొండలమ్మ.

మంగరాజు ఆమెకు బావగారు, భర్త తిరుమలకు అన్న. భవానీపురంలో తమ్ముడి ఇంటి వెనక కొత్తగా ఒక గది దింపుతున్నారు. కర్ర కొనేటప్పుడు ఇంటిపెద్ద పక్కనుండాలని వాళ్ళ ఆనవాయితీ. సరే, వచ్చినవాడు ఊరికే నిలబడితే ఎవరికి బాధ? నోరు ఊరుకోదే.

"రేకుకైతే మూడు రెండు అంగుళాల వాసాలు చాలండి, దూలం అక్కర్లేదు," అన్నాడు రామకోటేశ్వరరావు. "పెంకు బరువు. పన్నెండడుగుల గదికి మధ్యలో ఆరు నాలుగు దూలం పడాల్సిందే. దాని మీద నాలుగు మూడు వాసాలు."

"అంత లావు కర్ర ఎందుకు కొండలమ్మా? ఆవిడ ఉండేది ఎన్నాళ్ళని? మూడు రెండు వేసి రేకు కప్పేద్దాం. అవసరం తీరాక ఊడదీసుకోవచ్చు," అన్నాడు మంగరాజు.

అదీ అసలు సంగతి. ఆవిడంటే కొండలమ్మ తల్లి నాంచారమ్మ. మొగుడు పోయాడు, కొడుకుల్లేరు. బందరు దగ్గరున్న గుడిసె కాస్తా మొన్నటి గాలివానకి కూలిపోయింది. అల్లుడింటికి అత్త చుట్టపుచూపుగా రావచ్చు గాని, అక్కడే మకాం పెట్టకూడదని మంగరాజు పట్టుదల. తమ్ముడు ఒప్పుకున్నాక పైకి వద్దనలేడు కదా, అందుకని కర్ర సైజులోంచి నరుక్కొస్తున్నాడు. బెజవాడ ఎండలకి రేకు కింద ముసలి ప్రాణం నిలుస్తుందా? ఉడికిపోయి తనే మూట సర్దుకుంటుందని ఆయనగారి ఎత్తు. పొమ్మనలేక పొగబెట్టడమంటే ఇదే.

కొండలమ్మకు ఒళ్ళు మండింది. ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని వన్ టౌన్ సందులన్నీ తిరిగిన మనిషి, ఇంత చిన్న ఎత్తు ఆమెకు అర్థం కాదా?

"అవసరం తీరాకంటే ఎప్పుడండీ బావగారూ? మా అమ్మ పోయాకేనా?"

మంగరాజు కండువా సర్దుకున్నాడు. "అట్లా అన్నానా నేను? నలుగురూ ఏమనుకుంటారో అని."

"నలుగురూ పడుకునే గది కాదండి అది. మా అమ్మ పడుకునే గది." అడితి ఆయన వైపు తిరిగింది. "ఆరు నాలుగే తియ్యండి. మంచి చేవున్నది చూసి ఇవ్వండి. పగులుందో, రేపు తెచ్చి మీ ముందే పడేస్తాను."

దూలం ఎత్తే రోజు వచ్చింది. ఎత్తే ముందు దూలానికి ముత్తయిదువ పసుపు రాయాలి, ఇంటిపెద్ద కొబ్బరికాయ కొట్టాలి. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు చేరారు. కొండలమ్మ పసుపు కలిపింది. అందరూ చూస్తుండగా ఆ గిన్నె తీసుకెళ్ళి తల్లి చేతిలో పెట్టింది.

నాంచారమ్మ గిన్నె తిరిగి కూతురికి ఇవ్వబోయింది. "నా చెయ్యి తగలకూడదే అమ్మా. నువ్వు రాయి."

"మొగుడు పోయినామె చేత పసుపు రాయిస్తావా?" మంగరాజు కాయ కింద పెట్టేశాడు. "అయితే నేను కొట్టను."

"మానెయ్యండి," అంది కొండలమ్మ. "ఈ కప్పు కింద బతకాల్సింది మా అమ్మ. ఆమె చెయ్యి తగిలితే కూలిపోయే దూలమైతే ఇప్పుడే కూలనివ్వండి, ఇంకోటి తెస్తాను. అమ్మా, రాయి."

ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పొద్దుటినుంచీ నోరు విప్పని తిరుమల ముందుకొచ్చి, అన్న వదిలేసిన కాయ తీసి రాయి మీద ఒక్క దెబ్బ కొట్టాడు. మంగరాజు కండువా దులుపుకుని వెళ్ళిపోయాడు. ఎవరూ ఆపలేదు.

నాంచారమ్మ దూలం పక్కన కూర్చుంది. మొదట ఒక వేలు ముంచి బొట్టంత పెట్టింది. తరవాత అరచెయ్యి ముంచింది. ఈ చివరనుంచి ఆ చివరదాకా, మీదా పక్కలా, ఎక్కడా కర్ర కనపడకుండా రాసుకుంటూ పోయింది. మొగుడు పోయిన నాటినుంచీ పసుపు ముట్టని చేతులు మణికట్టుదాకా పచ్చబడ్డాయి.

పక్కింటామె చెంబుతో నీళ్ళు తెచ్చి, "కడుక్కోండి పిన్నిగారూ," అంది.

నాంచారమ్మ చేతులు వెనక్కి తీసుకుంది. "ఉండనీవే తల్లీ," అంది.